సొర కడుపులో ఏముంది

ఒట్టేసి చెబుతున్నా, ఇది నువ్వు నమ్మవు. నమ్మకు పో, నాకేం నష్టం?

సముద్రం ఒడ్డున కంబళి బాబా గుడిసెలో ఒక ఆచారం ఉండేది. వంటయ్యాక తొలిముద్ద బాబా తన చేత్తో శిష్యుడు దస్తగిరికి పెట్టేవాడు. ఏళ్ల తరబడి ఆ ముద్ద దస్తగిరిదే. దాన్ని చూసుకుని రొమ్ము విరుచుకు తిరిగేవాడు.

దస్తగిరి పెళ్లాం కాశింబీకి నెల తప్పింది. అంతే, ముద్ద అటు తిరిగింది. వేలెడేసి నెత్తళ్ల చేపలు బాబానే కడిగి, ముల్లు మెత్తబడేదాకా ఉడికించి, "తిను తల్లీ" అని ఆమె నోటికి అందించేవాడు.

దస్తగిరికి కడుపు మండిపోయింది. ఎవరి మీదంటావ్? కట్టుకున్న పెళ్లాం మీద!

"నెత్తళ్లంట! పిల్లి కూడా మూతి తిప్పుకుంటది. ముద్దంటే ఎట్టుండాలో నేను చూపిస్తా" అని పడవెక్కి, ముసలి సొరచేపని పట్టుకొచ్చాడు. తల పొయ్యి దగ్గరుంటే తోక ఇంకా అలల్లో కొట్టుకుంటోంది. కొలిచింది నేనే.

తోక ముక్క కోసి నిప్పుల మీద పడేశాడు. పైన మాడింది, లోపల ఇంకా నెత్తురే. అట్టాగే ఆకులో పెట్టాడు.

"తిను కాశీ. మీ బాబా పెట్టాడా ఎప్పుడైనా ఇంత ముక్క?"

"బాబాని ఒకమాట అడిగి..."

"ఆయనకేమన్నా పెళ్లామా, పిల్లలా? ఆ కడుపులో ఉంది నా కొడుకు!"

ఇంతలో బాబా వచ్చాడు. ఆమె చేతిలో ఆకు తీసి పక్కన పెట్టాడు. కత్తి పట్టి సొర కడుపు చీల్చాడు. వంజరం చేప జారిపడింది. దాన్ని చీల్చాడు. కానాగంతలు. వాటిని చీల్చాడు. నెత్తళ్లు, గుప్పెళ్లకి గుప్పెళ్లు.

"సముద్రంలో విషపు మడ్డి చిన్నచేపకి రవ్వంతే అంటుద్దిరా. వాటన్నిటిదీ ఏళ్ల తరబడి దీని ఒంట్లో పోగైంది. కాశింబీ తింటే ఎవరికి చేరుద్ది?"

దస్తగిరి పెళ్లాం పొట్ట వంక చూశాడు. ఆ ఆకుని దూరంగా నెట్టాడు. అయినా నోరాగలేదు.

"సరే బాబా. మరి నా తొలిముద్ద ఎందుకు లాక్కున్నావ్?"

బాబా కత్తి తుడుచుకున్నాడు.

"దీని కడుపు కోసి చూపించా. నీ కడుపులో మంట కూడా కోసి చూపించమంటావా?"

దస్తగిరి పొయ్యి ముందు కూర్చుని నెత్తళ్లు కడిగాడు. ముల్లు మెత్తబడేదాకా ఉడికించాడు. తొలిముద్ద తన చేత్తోనే కాశింబీ నోటికి అందించాడు.

కోతలంటావా? ఆ సొర దవడే ఇప్పుడు బాబా గుడిసెకి ద్వారబంధం. పోయి దాని కింద నిలబడి నీ తల పైకి తగిలించు చూద్దాం. తగిలిందా, నేను అబద్ధాలకోరునే!