ఈరమ్మ సోమవారం

కొండలకు ఇంకా ఎవరూ పేర్లు పెట్టని రోజుల్లో, ఒక కొండ కింద రాళ్లు కొట్టేవాళ్ల ఊరు ఉండేది. ఆ ఊళ్లో ఈరమ్మ రాళ్లు కొట్టేవాళ్లకు నీళ్లు మోసేది. పొద్దున మూడు కుండలు, మధ్యాహ్నం మూడు, సాయంత్రం మూడు. మొగుడు పోయాడు. కొండయ్య ఒక్కడే కొడుకు.

ఆ ఊరివాళ్లు దేన్నైనా చెవితోనే తేల్చేవాళ్లు. సమ్మెటతో కొడుతూ వింటారు. రాయి మోత మారిందంటే లోపల చీలినట్టు. పనైనట్టే, ఇక కొట్టరు. దగ్గును కూడా అలాగే తేల్చారు, చూడండి!

కొండయ్యకు క్షయ దగ్గు పట్టింది. వైద్యుడు ఆరు నెలలకు మాత్రలిచ్చాడు. ధర ఒక మేక. రెండు నెలలకే దగ్గు ఆగింది. మేస్త్రీ ఓబన్న కొండయ్య వీపు తట్టి, చెవి పెట్టి విన్నాడు.

"మోత మారిందిరా. జబ్బు పనైపోయింది."

కొండయ్య మాత్రలు మానేశాడు. మూడు నెలలు తిరక్కముందే దగ్గు మళ్లీ వచ్చింది. ఈసారి నెత్తురుతో వచ్చింది.

వైద్యుడు తల పట్టుకున్నాడు. "సగంలో మానేశారు. చావకుండా మిగిలిన జబ్బు నా మందు సంగతి కనిపెట్టేసింది. ఇక దానికి లొంగదు. వేరే మందుంది. ఐదు వందల నలభై రోజులు, ఒక్క రోజు తప్పకూడదు. ధర తొమ్మిది మేకలు."

"బతుకుతాడా సామీ?"

"మొదటి మందు పూర్తిగా మింగినవాళ్లలో పదికి తొమ్మిదిమంది బతికారు. ఈ మందుకు పదికి ఆరుగురే. దీన్ని కూడా సగంలో మానితే ఎంతమందని నన్నడగొద్దు తల్లీ."

ఈరమ్మకున్నవి మూడు మేకలు. మిగతా ఆరింటి కోసం ఆరిళ్లకు వెళ్లింది. మొదటిది ఓబన్న ఇల్లే.

"నీ కొడుకు దగ్గితే నా మేకనెందుకివ్వాల?" అన్నాడు ఓబన్న.

"వాడు పని చేసేది నీ పక్కనే గదన్నా. ఆ దగ్గు నీ ఇంటికొస్తే మందు సంగతి కనిపెట్టిన జబ్బే వస్తుంది. తొమ్మిది మేకలు పోతాయి. ఆరిళ్లకూ వస్తే యాభై నాలుగు. నేనడిగేది ఇంటికొకటి."

ఓబన్న వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. మళ్లీ మొదలుపెట్టాడు.

"యాభై నాలుగు వేళ్లు యాడ తెస్తావు గానీ, మేకను తోలియ్యి," అంది అతని పెళ్లాం.

ఆరు మేకలూ వచ్చాయి. మేకలిచ్చినవాళ్లు ఒక షరతు పెట్టారు. మాత్ర గొంతు దిగడం కళ్లారా చూడాలన్నారు. ఆరిళ్లకు ఆరు రోజులు. సోమవారం మాత్రం ఈరమ్మది. మొదటి మాత్ర ఆమే మింగించింది.

నూరో రోజుకు దగ్గు ఆగింది. "తట్టి చూడు మామా, తగ్గిపోయింది," అని కొండయ్య వీపు తిప్పాడు.

ఓబన్న చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "నా చెవిని నమ్మే ఇంతదాకా వచ్చాం. ఇంకా ఉంది. మింగు."

రెండు వందలో రోజుకు వాంతులు, చెవుల్లో హోరు. ఆ రోజు వంతు పక్కింటి గంగులమ్మది.

"నావల్ల కాదు చిన్నమ్మా."

"కక్కితే నా మేకను కక్కినట్టేరా. ఇంకా ఉంది. మింగు."

నాలుగు వందలో రోజు కొండయ్య ఎవరికీ చెప్పకుండా కూలికి పోయాడు. సోమవారం. ఈరమ్మ చెంగులో మాత్ర, నెత్తిన నీళ్లు పెట్టుకుని మూడు కొండలు దాటింది. కొడుకు ఒక బండ నీడన కనిపించాడు.

"విసుగొచ్చిందమ్మా. బాగానే ఉన్నాగా."

ఈరమ్మ తిట్టలేదు. ఎదురుగా కూర్చుంది. "కాళ్లు లాగుతున్నాయిరా. మళ్లీ మూడు కొండలు దాటాల. ఇంకా ఉంది. మింగు."

కొండయ్య మింగాడు.

మొదటి రోజు సోమవారమైతే ఐదు వందల నలభయ్యో రోజు ఏ వారం? లెక్క వేయండి. సోమవారమే! చివరి మాత్ర కూడా ఈరమ్మ చేతి మీదుగానే పోయింది. వైద్యుడు చెప్పిన పదికి ఆరుగురిలో కొండయ్య ఒకడయ్యాడు. ఆ వేళ ఊళ్లో సమ్మెట లేవలేదు. పొద్దు వాలేదాకా డప్పులే.

చాలా ఏళ్లకు ఈరమ్మ పోయింది. ఆ తర్వాత ఊళ్లో ఇంకొకరికి ఆ జబ్బు వచ్చింది. అడక్కుండానే ఆరిళ్లు లేచాయి. ఆరు రోజులు పంచుకున్నాయి. సోమవారం ఎవరిదన్నారు. అందరూ కొండయ్య వైపు చూశారు.

"అది మా అమ్మది," అన్నాడు కొండయ్య. ఒక చదును రాయి తెచ్చి రోగికి ఎదురుగా వేశాడు. దాని మీద ఎవర్నీ కూర్చోనివ్వలేదు.

ఇప్పటికీ అంతే. ఆరు రోజులు ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుంటారు. సోమవారం ఎవరూ రారు. రోగి ఒక్కడే ఖాళీ రాయి ముందు కూర్చుని మాత్ర వేసుకుంటాడు. నోరు తెరిచి ఆ రాయికి చూపిస్తాడు. మిగతా రోజుల్లో ఎగ్గొట్టబోయి దొరికినవాళ్లున్నారు. సోమవారం ఎగ్గొట్టినవాడు ఆ కొండ కింద ఒక్కడూ లేడు.