పేరిందేవమ్మ కొత్తిమీర మడి

అనగనగా ఒక లంక ఊళ్ళో పేరిందేవమ్మని ఒక అత్తగారు ఉండేదిరా కన్నా. మహా మొండిది. కోడలు వకుళకి ఐదో నెల. పిల్లకి ఏదీ సయించడం లేదు, పచ్చి కొత్తిమీర పచ్చడి మీదికే మనసు పోతోంది. మడిలో కొత్తిమీరేమో పాలిపోయి ఉంది.

అప్పుడు పేరిందేవమ్మ ఆకు మీద చల్లడానికి ఎరువు కషాయం పెట్టింది. పొయ్యి మీద కాదులే. డ్రమ్ము నీళ్ళలో కంపోస్టు మూట వేలాడదీసి, చేపల తొట్టి మోటారుతో బుడబుడా గాలి ఊదించడం.

మొదటిసారి సగం మాగిన పేడ ఎరువు వేసింది. తెల్లారి మూత తీస్తే ముక్కు పగిలే కంపు! పారబోసింది.

ఆ తర్వాత మాగిన ఎరువే వేసింది. కానీ ఏళ్ళ తరబడి పేడా బెల్లంతో జీవామృతం కలిపిన చెయ్యి ఊరుకుంటుందా? ఇంత బెల్లం గడ్డ పడేసింది. మధ్యాహ్నం కరెంటు పోయింది, మోటారు ఆగింది. సాయంత్రానికి పులిసిన కుళ్ళు వాసన. అయినా చెంబు ముంచి మడి దగ్గరికి నడిచింది.

వకుళ అడ్డంగా నిలబడింది. "అత్తయ్యా, ఆ బెల్లం తిని బలిసినవి చెడ్డ క్రిములు. గాలి ఆగిందంటే వాటికి పండగే."

"మా అత్త కాలం నుంచీ వేస్తున్నామే బెల్లం!"

"వేసి నేలకి పోశారు. ఆకు మీద చల్లి పచ్చిగా నూరారా? అది తినేది నేను. నా కడుపులో ఉన్నది కూడా."

పేరిందేవమ్మ చెంబు వెనక్కి తిప్పింది. బావికి దూరంగా గొయ్యి తీసి డ్రమ్మంతా ఒంపేసింది.

మూడోసారి డ్రమ్మూ గొట్టమూ మరిగిన నీళ్ళతో కడిగింది. నల్లగా మట్టిలా మాగిన ఎరువే వేసింది. బెల్లం జోలికే పోలేదు. మోటారు ఆగకుండా కాపలా కూర్చుంది. మర్నాటికి తొలకరి మట్టి వాసన!

అప్పుడు చెంబు ఎత్తింది... ఎత్తి, తనే ఆగింది. "వాసన మంచిదేనే అమ్మాయ్. కంటికి కనపడనివి ఉంటేనో?"

ఆ పూటే, చుక్క మిగల్చకుండా, వంగ మొక్కల మొదళ్ళకి పోసేసింది. వంకాయలైతే ఉడికించుకునే తింటాం కదా. కొత్తిమీరకి కొత్త కుండీ పెట్టి, మంచి మట్టిలో గింజలు చల్లి, తాగే నీళ్ళే పోసింది.

నెలన్నరకి పచ్చడి నూరింది. వకుళ మూడు ముద్దలు తిని మళ్ళీ కంచం చాపింది.

"ఓసి నీ ఆకలి! ఎంత తింటావే?"

"ఇద్దరం తింటున్నాం కదా అత్తయ్యా!"

పేరిందేవమ్మ నవ్వుతూ రోట్లో మిగిలిందంతా ఊడ్చి పెట్టింది.

కథ కంచికి, కడిగిన చేతులు మంచానికి, నిద్దర నీ కంటికి.