పాతర నేర్చుకున్న పాట

ఓబుళమ్మ తత్వాలు కట్టేది. ఒక్కటి కూడా ఎవరి చెవినా వేయలేదు.

నాగలింగస్వామి మఠంలో భజన జరుగుతుంటే వెనక వరుసలో కూర్చుని అందరితోపాటు తాళం వేసేది. తన పాటలు మాత్రం మఠం పెరట్లో ఉన్న పాతరకే వినిపించేది. జొన్నలు దాచడానికి ఎవరో పెద్దలు నేలలో తవ్వించిన గొయ్యి అది. అందులో గింజలు పోయడం మానేసి ఏళ్లయింది. తెల్లవారుతుండగా మూతబండ కాస్త జరిపి, ఆ చీకట్లోకి పాడి, మళ్లీ మూసేసేది.

"నీ పెదాలు ఊరికే కదలవే. ఏందమ్మీ, లోలోపల?" అని వంటచేసే రంగక్క ఎగతాళి చేసేది. ఓబుళమ్మ కొంగుతో నోరు మూసుకునేది.

ఒకరోజు పాటలో ఒక మాట తట్టలేదు. మర్నాడు చరణమే పోయింది. ఎంత తడుముకున్నా అక్కడ ఏమీ లేదు. బండ మూయబోయింది. లోపల ఎవరో ఆ చరణం పాడారు.

గొంతు తనదే.

పరుగున స్వామి దగ్గరికి వెళ్లింది.

"అది నా పాటలు తినేస్తోంది స్వామీ!"

"నువ్వు పెట్టావు, అది తింది. మాకు పెట్టలేదేం?"

"నవ్వుతారని."

"అది నవ్వలేదా?"

ఓబుళమ్మ పెరటివైపు తిరిగి చూసింది.

పాతర తెరిస్తే మనిషి దిగేముందు దీపం దించి చూడటం అక్కడి ఆచారం. దీపం ఆరితే లోపల గాలి చెడినట్టు. దిగినవాడు తిరిగి రాడు. స్వామి బండ పూర్తిగా తీయించి, తాడుకు కట్టిన దీపం ఆమె చేతికిచ్చాడు. సగం దిగిందో లేదో, ఎవరో ఊదినట్టు ఆరిపోయింది.

"దిగి తెచ్చుకుంటావా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"రంగక్కా, అందరినీ పిలువు. ఇయాల భజన ఈడ్నే."

పొద్దు వాలుతుండగా ఓబుళమ్మ పాతర అంచున కూర్చుని గొంతెత్తింది. గొంతు జీరబోయింది. రంగక్క కిసుక్కుమంది. ఓబుళమ్మ ఆగలేదు. పోయిన చరణం దగ్గరికి వచ్చేసరికి, తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

అప్పుడు కిందినుంచి ఆ చరణం నెమ్మదిగా పైకి వచ్చింది.

రంగక్క భుజాలనిండా కొంగు కప్పుకుంది. ఓబుళమ్మ ఒక్కో మాటా అందుకుని పలికింది. మళ్లీ పాడింది. ఈసారి రంగక్క వంత కలిపింది. తర్వాత అందరూ. కింది గొంతు సన్నబడి, సన్నబడి, ఆగిపోయింది.

స్వామి దీపం వెలిగించి ఇచ్చాడు.

"ఇప్పుడు దించు."

తాడు చివరిదాకా దించింది. అడుగున దీపం నిలకడగా వెలిగింది. పాతర ఖాళీ. దుమ్ములో మాత్రం ఎవరో చాలాకాలం కూర్చుని లేచిపోయినట్టు గుర్తు.

వెనక రంగక్క ఆ చరణాన్నే కూనిరాగం తీస్తూ వంటింటివైపు వెళుతోంది, ఒక మాట తప్పుగా.

ఓబుళమ్మ దిద్దలేదు.