ఉప్పుదారి చలివేంద్రాలు

దుర్ముఖి నామ సంవత్సరం, వైశాఖ మాసం. ఎండలు నిప్పులు చెరుగుతున్న ఆ రోజుల్లో, చిలకలేటి ఒడ్డున ఉన్న ఒకానొక రాజ్యంలో, బసవ భూపతి అనే రాజుగారు సభ తీర్చి కూర్చున్నారు.

అది మామూలు సభ కాదు, అడిగే సభ. రాజుగారి తాతగారు పెట్టి పోయిన ఆచారం. ఏడాదికొకసారి ఊరికొక మనిషి వచ్చి, తాము కట్టిన పన్ను దేనికి ఖర్చయిందో సింహాసనానికి ఎదురుగా నిలబడి అడగవచ్చు. మంత్రి జవాబు చెప్పి తీరాలి. తాతగారి కాలంలో ఆ నెలంతా మంత్రులకు నిద్ర పట్టేది కాదట. ఇప్పటి మంత్రి గుండయామాత్యుడు మాత్రం సభలోనే కునుకు తీసేవాడు.

ఆయన కనిపెట్టిన జవాబు ఒకటుంది. ఎవరేమడిగినా, "మహారాజులు స్వయంగా చూసి వచ్చారు" అనేవాడు. "అవును, చూశాం" అని రాజుగారు మీసం సవరించుకునేవారు. ఆపైన ఎవరైనా నోరు తెరిస్తే రాజుగారి కళ్ళను తప్పుపట్టినట్టే. అందుచేత సభ భోజనాల వేళకు ముందే ముగిసిపోయేది.

ఆ ఏడు కొండమ్మ వచ్చింది. ఉప్పు కొటారుల నుంచి గంప నెత్తిన పెట్టుకుని, చెట్టన్నది లేని చవిటినేల మీదుగా పట్నానికి ఉప్పు మోసుకొచ్చే మనిషి. ఆ బాటనే ఉప్పుదారి అంటారు.

"మారాజా, ఉప్పుదారిలో చలివేంద్రాలు పెట్టించామని ఇంటింటా పన్ను తీసుకుంటున్నారు. నిరుడు నా పెనిమిటి ఆ దారిలోనే గొంతెండి పడిపోయాడు. ఆయన పడ్డ చోటే చలివేంద్రం ఉందని దండోరా వేశారు. నేను రోజూ అటే నడుస్తాను. నా కంటికి ఆనలేదు. అదెక్కడుందో చూపిస్తే ఓ చెంబుడు నీళ్ళు తాగి నా దారిన నేను పోతాను" అంది.

మంత్రి కళ్ళు తెరిచాడు. "మహారాజులు స్వయంగా చూసి వచ్చారు."

"అవును, చూశాం," అన్నారు రాజుగారు. "నీళ్ళు కూడా తాగాం. చల్లగా ఉన్నాయి."

"తమకు కనబడింది నాకు కనబడదా దొరా? నాకేం కళ్ళు పోయాయా?"



"రాజుగారి చూపును శంకించినవాళ్ళకు ఈ రాజ్యంలో నిలువ నీడ ఉండదు. ఇది కూడా తాతగారి శాసనమే," అన్నాడు గుండయామాత్యుడు. ఆ శాసనం ఎప్పటిదని ఎవరూ అడగలేదు.

రాజుగారికి పౌరుషం వచ్చింది. "రేపే మళ్ళీ వెళ్ళి చూస్తాం. చలివేంద్రాలుంటే ఈమె గుడిసె పీకించి, ఈమెను ఏరు దాటించండి."

సింహాసనం వెనక దుగ్గన నిలబడి ఉన్నాడు. రాజుగారి అడపకాడు. అంటే తాంబూలపు పెట్టె పట్టుకుని, అడిగినప్పుడల్లా ఆకుచుట్టి అందించేవాడు. నిరుడు రాజుగారు ఉప్పుదారి చూడబోయినప్పుడు పల్లకీ పక్కన అతనూ నడిచాడు. దారి పొడుగునా ప్రతి చలివేంద్రంలోనూ ముక్కు మీద పులిపిరి ఉన్న ముసలాయనే నీళ్ళిచ్చాడు. అంచు విరిగిన కుండలోంచే ఇచ్చాడు. రాజుగారు చెంబును చూశారు గాని చెంబు పట్టుకున్న మనిషిని చూడలేదు. దుగ్గనకు చేతినిండా పని ఉండదు కనక మనుషుల్ని చూస్తుండేవాడు.

పల్లకీ ఒక పందిరి దాటగానే మంత్రి మనుషులు దాన్ని విప్పి, కుండలతో సహా బండ్లకెత్తి, ఎండిన వాగులోంచి అడ్డంగా తోలి, ముందు మజిలీలో మళ్ళీ పాతేవారు. బండ్లు ముందుగా చేరాలి గదా అని, పల్లకీ నెమ్మదిగా సాగేందుకు మంత్రి దారంతా భట్రాజుల చేత పొగడ్తలు చదివించేవాడు. రాజుగారు మంచి పొగడ్త విన్నప్పుడల్లా పల్లకీ ఆపించేవారు.

ఈ సంగతి దుగ్గన చెప్పవచ్చు. చెబితే, రాజుగారు గుడ్డివారని చెప్పినట్టు. అందుకని ఆ సాయంత్రం అతను వంటశాలకు వెళ్ళి అక్కడి నల్లపిల్లితో స్నేహం చేశాడు.

బసవ భూపతి ఏ శత్రువుకూ భయపడరని ఆయన బిరుదుల్లో ఉంది. పిల్లి సంగతి బిరుదుల్లో లేదు. పిల్లి ఎదురైతే ఆయన ఆఖరున దిగిన చోటికి వెనక్కి వెళ్ళి, కాళ్ళు కడుక్కుని, నీళ్ళు తాగితే తప్ప ముందుకు కదిలేవారు కాదు. ఒకసారి యుద్ధానికి బయలుదేరితే పిల్లి ఎదురైంది. వెనక్కి వచ్చి నీళ్ళు తాగి వెళ్ళేసరికి యుద్ధం అయిపోయింది.

తెల్లవారి పల్లకీ సిద్ధం చేస్తున్న బోయీ జోగన్న, దుగ్గన చేతిలో తాంబూలపు పెట్టెతో పాటు ఒక బుట్ట చూశాడు. ఇద్దరూ ఒకే వీధిలో ఆడుకుంటూ పెరిగినవాళ్ళు.

"ఏం బావా, తమలపాకులు కదులుతున్నాయేం?"

"లేతాకులులే."

జోగన్న బుట్టకు చెవి ఆనించాడు. "మ్యావంటున్నాయి. వెనక్కి తిప్పుతావన్నమాట. తిప్పేది నువ్వు, మోసేది మేము."

"కొండమ్మ ఇల్లు పోతుంది జోగన్నా."

"నేను కాదన్నానా? ఆయన ఎంత బరువో నీకు తెలీదు, అంతే. నువ్వు ఆకులు మోస్తావు."

"నీళ్ళు రాగానే ముందు చెంబు నీదే."

"మాట తప్పకు," అన్నాడు జోగన్న, తలపాగా చుట్టుకుంటూ.

మొదటి చలివేంద్రం దగ్గర రాజుగారు దిగి నీళ్ళు తాగారు. రెండోదాని దగ్గరా దిగి తాగారు, తాంబూలం ఉమ్మి, మళ్ళీ పల్లకీ ఎక్కారు. "ఎక్కడ ఆ ఉప్పుమనిషి? చూసిందా?" అని అడిగారు. కొండమ్మ వెనక ఇద్దరు భటుల మధ్య నడుస్తోంది. చూసింది.

భట్రాజు గొంతు సవరించుకుని రాజుగారిని సూర్యుడితో పోల్చడం మొదలుపెట్టాడు. సూర్యుడు అప్పటికే నడినెత్తిన ఉన్నాడు. కొంత దూరం పోయాక దుగ్గన ముందుకు నడిచి, చెప్పు సరిచేసుకునే నెపంతో వంగి, బుట్ట మూత తీశాడు. పిల్లి బయటికి వచ్చి, ఒళ్ళు విరుచుకుని, పల్లకీకి అడ్డంగా తీరిగ్గా నడిచిపోయింది.

"ఆపండి!" అన్నారు రాజుగారు.

"అది పిల్లి కాదు ప్రభూ, ఉడుత," అన్నాడు మంత్రి.

"చాలా పెద్ద ఉడుతండీ," అన్నాడు దుగ్గన. "మ్యావని కూడా అంది."

"వెనక్కి తిప్పండి!"

"ప్రభూ, ముందు చలివేంద్రం దగ్గరే ఉంది. అక్కడ..."

"వెనక్కి అన్నాం!"

బోయీలు తిప్పారు. రెండో చలివేంద్రం ఉన్న చోటికి వచ్చారు. అక్కడ గుంజలు పీకిన గుంటలున్నాయి. నీళ్ళొలికి తడిసిన నేల మీద రెండు పిచ్చుకలు ముక్కులు ముంచుతున్నాయి.

"పందిరేదీ?"

"దారి తప్పాం ప్రభూ. ఇది ఆ చోటు కాదు," అన్నాడు గుండయామాత్యుడు.

దుగ్గన నేల మీదికి వంగి చూశాడు. "మంత్రిగారు చెప్పింది నిజమే కావాలి ప్రభూ. కాకపోతే ఇక్కడ ఎవరో తాంబూలం ఉమ్మారు. కుంకుమపువ్వు వేసిన తాంబూలం. ఈ రాజ్యంలో కుంకుమపువ్వు వేసి నేను ఆకు చుట్టేది ఒక్కరికే. ఇంకా తడి ఆరలేదు."

రాజుగారు పల్లకీలోంచి తొంగి చూశారు. అది తనదేనని ఆయన గుర్తుపట్టారు.

"సరే, నీళ్ళు తెండి. కాళ్ళు కడుక్కుని మాట్లాడతాం."

నీళ్ళు లేవు. తాగందే ముందుకు కదలకూడదు. నీడ లేనిచోట పల్లకీ దించకూడదని ఇంకో రివాజు ఉంది. పందిరితో పాటు నీడా వెళ్ళిపోయింది. రాజుగారు లోపల కూర్చున్నారు, బోయీలు భుజాల మీద మోస్తూ నిలబడ్డారు. భట్రాజు నాలుక పిడచకట్టి సూర్యుడి దగ్గరే ఆగిపోయాడు. మంత్రి వాగు వైపు ఇద్దరు భటుల్ని పరుగెత్తించాడు.

చాలాసేపటికి వాగులోంచి బండ్లు పైకొచ్చాయి. ఒకదానిలో గుంజలు, తాటాకులు. ఇంకోదానిలో కుండలు, కుండల మధ్య పులిపిరి ముసలాయన. అతనికి ఎవరూ ఏమీ చెప్పినట్టు లేదు. రాజుగారిని చూడగానే అలవాటు కొద్దీ బండి మీదే లేచి చేతులు జోడించాడు.

"జయము జయము! మూడో చలివేంద్రానికి దయచేసిన మహారాజులకు స్వాగతం!"

కుండలన్నిటిలోకీ నీళ్ళున్నది అంచు విరిగినదానిలోనే. రాజుగారు ఎలాగూ ముందు కుండలోనే తాగుతారు, మిగతావి నింపడం దండగ అని మంత్రి అక్కడ కూడా పొదుపు చేశాడు. రాజుగారు పల్లకీలోంచే కాళ్ళు బయటికి చాపి కడుక్కున్నారు. నోరు పుక్కిలించారు. తాగారు. అప్పుడు దుగ్గన వైపు తిరిగారు.

"అయితే నిండు సభలో మేము అబద్ధమాడామంటావా?"

అందరూ దుగ్గన మెడ వంక చూశారు.

"ఎంతమాట ప్రభూ! తమరు చూసినవన్నీ ఉన్నాయి. తమరు చూస్తున్నంతసేపూ ఉన్నాయి. తమరు చూడటం మానేసిన తరవాత వాటికి మాత్రం ఉండబుద్ధి కాలేదు."

రాజుగారు నవ్వకూడదనే అనుకున్నారు. పెదవి బిగించారు, మీసం కదిలింది, ఆ పైన పల్లకీ అంతా ఊగేలా నవ్వారు. బోయీలు భుజాలు గట్టిగా బిగించి పట్టుకున్నారు.

"ఏం చేయాలో నువ్వే చెప్పు."

"తమరు ముందుకు పోవడంలో ఆరితేరారు ప్రభూ. పై ఏటి నుంచి చూసినవాటినే వెనక్కి వచ్చి ఇంకోసారి చూడండి. తమకు తీరిక లేకపోతే రోజూ ఈ దారిన నడిచేవాళ్ళను అడగండి. ఆ పిల్లి కంటే వాళ్ళు కాస్త వివరంగా చెబుతారు."

రాజుగారు తన బంగారు కంకణం తీసి దుగ్గన చేతికి తొడిగారు. కొండమ్మ గుడిసె జోలికి ఎవరూ పోకూడదన్నారు. ఉప్పుదారి చలివేంద్రాలు ఎలా ఉన్నాయో ఇకమీదట అడిగే సభలో ఆమే చెప్పాలనీ, ఆమె చెప్పిందే చెల్లుబాటనీ ఆజ్ఞాపించారు. గుండయామాత్యుణ్ణి ఆ ఎండాకాలమంతా చలివేంద్రంలో కూర్చుని దారినపోయేవాళ్ళకు నీళ్ళు పోయమన్నారు. ఆయన పోశాడు. బాగానే పోశాడని చెప్పుకున్నారు.

పరివారం తిరుగుముఖం పట్టే ముందు దుగ్గన అంచు విరిగిన కుండను జోగన్న దోసిలి మీదికి వంచాడు. అడుగున తడి తప్ప ఏమీ రాలేదు.

"కాళ్ళు కడుక్కున్నారుగా," అన్నాడు జోగన్న. "పర్లేదులే బావా. ఊరు దగ్గరేగా." తడి చేతులతో మొహం తుడుచుకుని, పల్లకీ దండె కిందికి భుజం పెట్టాడు.

ఆ ఏడు ఉప్పుదారిలో నిజం చలివేంద్రాలు లేచాయి. మొదటిది జోగన్న పడిపోయిన చోట వేశారు. అతను ఊరు చేరలేదు.