దొమ్మ గుంట మీది పచ్చిక

బోడిగుట్ట కింద బీడులో మేసే పశువులకు ఒక ఆచారం ఉంది. ఏటా తొలకరికి ముందు తలా ఒక తుమ్మకంప ఈడ్చుకొచ్చి దొమ్మ గుంట మీద వేస్తాయి. దొమ్మ రోగంతో చచ్చిన ఎద్దును పదకొండేళ్ల కిందట అక్కడే పాతిపెట్టారు. అప్పటినుంచి ఆ చోట ఎవరూ మేయరు.

పదకొండో ఏడు కరువు ముదిరి, కంప ఈడ్చే ఓపిక ఎవరికీ లేకపోయింది. ఆలస్యంగా ఒకే ఒక్క వాన పడింది. బీడంతా బోసిగానే ఉంది గాని, దొమ్మ గుంట మీద మాత్రం గరిక జానెడెత్తు లేచింది. బొల్లి అనే గొర్రె అప్పటికి వారం కిందటే ఈనింది. పొదుగులో పాలు లేవు. పిల్ల కుమ్మి కుమ్మి అరుస్తుంటే బొల్లి ఆ పచ్చిక వైపే చూస్తూ నిలబడేది.

ఆ చూపు నక్క కంట పడింది. గుంట ఉన్నది వాగు పక్కన, కాపరి కేక వినపడనంత దూరంలో. తల్లి అక్కడికొస్తే పిల్లా వస్తుంది. నక్కకు అంతకంటే ఏం కావాలి? బొల్లి దగ్గర చేరి, క్షేమసమాచారాలన్నీ అడిగి, పిల్ల చిక్కిపోయిందని బోలెడంత బాధపడి, అప్పుడు అసలు సంగతికొచ్చింది.

"పదకొండు ఎండాకాలాలు, చెల్లీ. బండలే పగిలాయి. తిండీ నీళ్లూ లేకుండా కంటికి కనపడని ఆ దొమ్మ క్రిమి ఇంకా బతికుందంటే నమ్ముతున్నావా?"

బొల్లికి ఎటూ తోచక, తన కొట్టంలోనే ఉండే కర్రెద్దును అడిగింది. కర్రెద్దు మాట్లాడేది తక్కువ, నెమరేసేది ఎక్కువ. ఆ రోజు మాత్రం నెమరు ఆపింది.

"ఆ గుంటలో ఉన్నది నా జోడు. డాక్టరు వచ్చేలోపు తోలు కోసం వాణ్ణి కోశారు. నెత్తురంతా నేల పాలైంది. ఆ క్రిమి ఒంట్లో ఉన్నంతసేపే మనలాగా తిని పెరుగుతుందట. బయటపడి గాలి తగిలిందా, చుట్టూ గట్టి పెంకు కట్టుకుని ముడుచుకుంటుంది. ఇక తినదు, తాగదు, పెరగదు. ఎండకు మాడదు. మళ్లీ ఎవరి ఒంట్లోనైనా చోటు దొరికేదాకా అలాగే పడుంటుంది. డాక్టరు రైతుకు చెబుతుంటే నేను పక్కనే ఉన్నాను."

చాటునుంచి వింటున్న నక్కకు నవ్వాగలేదు. తిననిదీ తాగనిదీ బతికున్నట్టు ఎలా అవుతుందని అడిగింది. అందరి ముందూ తేల్చేస్తానని నక్క గుంట మీదికెక్కి, పాత కంపను పళ్లతో లాగి పారేసింది. మట్టి తవ్వి, ఒక ఎముక పైకి తీసి కొరికింది కూడా. పెదవికి ముల్లు గీరుకుని నెత్తురొస్తే, దాన్ని నాకేసి తన తెలివికి తానే మురిసిపోయింది.

అడవిలో అందర్నీ మాటలతో పడగొట్టిన నక్క, మాటలు వినని దాంతో పెట్టుకుంది. ఈ కథలో నోరు విప్పనిది ఆ క్రిమి ఒక్కటే.

"చూశావా, చెల్లీ. నాకేమైంది?" అంది నక్క.

బొల్లి అడుగు ముందుకేసింది. ఎద్దు అడ్డం నిలబడింది.

"నాలుగు రోజులు ఆగు, తల్లీ. అప్పటికీ నక్క ఇలాగే నవ్వుతుంటే మిగిలిన కంప నేనే తీస్తాను. అంతదాకా నా చొప్ప తిను."

ఆ చొప్ప ఎద్దుకే చాలదు. బొల్లి సిగ్గుపడుతూనే తిన్నది. పిల్లకు అరకడుపు పాలు వచ్చాయి. రెండో రోజు కూడా నక్క వాగు గట్టు మీంచి రమ్మని పిలుస్తుంటే, బొల్లికి ఎద్దు మీద కోపమే వచ్చింది. మూడో రోజు ఆ పిలుపు బొంగురుపోయింది. నాలుగో రోజు పిలుపే లేదు.

వెళ్లి చూస్తే నక్క గుంట పక్కనే పడి ఉంది. మొహం, గొంతు వాచిపోయాయి. బొల్లిని చూసి ఏదో అనబోయింది గాని మాట పెగల్లేదు. పొద్దెక్కేసరికి ప్రాణం పోయింది.

కాకులు దిగబోతుంటే ఎద్దు వాటిని తరిమింది. కళేబరాన్ని చీలిస్తే లోపలి క్రిములు గాలి తగిలి మళ్లీ పెంకులు కట్టుకుంటాయని, ఎవరూ మూతి పెట్టకుండా కాళ్లతోనే మట్టి తోయాలని చెప్పింది. పశువులన్నీ నక్కను కప్పేసి, ఓపిక లేకున్నా కంపలు ఈడ్చాయి. బొల్లి ఆ ఏడు రెండు కంపలు ఈడ్చింది. రెండోది ఇంకా కంప ఈడ్చే వయసు రాని పిల్ల తరఫున.

కదలడం లేదని శత్రువు చచ్చిందనుకోకూడదు. అదను కోసం ఆగి ఉండవచ్చు.