మీసాలయ్య పొట్టలో ఏముంది?

తుమ్మలకోన అడవి మధ్యలో చల్లమడుగు ఉంది. ఆ మడుగు మీద బతికేవాళ్లంతా వేటగాళ్లే. బుడుంగు అనే నీటికుక్క, నీలి అనే లకుముకి పిట్ట, చుక్కమ్మ అనే బావురుపిల్లి, ఒక ముసలి కొంగ. అందరికీ ఇష్టమైన తిండి ఒక్కటే, తళతళలాడే చిన్న పరిగె చేపలు.

మడుగు అడుగున పెద్ద పెద్ద వాలుగ చేపలు ఉండేవి. వాలుగ అంటే తెలుసుగా? ఒళ్లంతా నోరే! తోటి చేపల్ని మింగి బతుకుతుంది. అన్నిటికన్నా పెద్దదాన్ని అందరూ మీసాలయ్య అనేవాళ్లు.

ఆ ఏడు పరిగెలు కాస్త తగ్గాయి. బుడుంగు ఊరుకుంటాడా! అందరినీ గట్టు మీదికి పిలిచాడు.

“మన తిండి తినేస్తున్నది ఆ మీసాలయ్యే. పెద్ద వాలుగలన్నిటినీ చంపేద్దాం” అన్నాడు.

“వద్దురా అబ్బాయ్” అన్నాడు కొంగ తాత. “వాడు నీళ్లమీద తోక కొడితే చూడాలి, ఎంత ముచ్చటగా ఉంటుందో! ఆ పూట నాకు ఆకలే తెలీదు.”

“ముచ్చటతో కడుపు నిండుతుందా తాతా?” అంది నీలి. అప్పుడే గట్టులో గూడు తవ్వుకుంటోంది. “వానలయ్యాక నాకు పిల్లలు పుడతారు. వాళ్లకేం పెట్టను? చంపెయ్యి మామా!”

ఇంకేం, బుడుంగు మర్నాడే మీసాలయ్యను పట్టి గట్టుమీదికి ఈడ్చి, పొట్ట చీల్చాడు. చుక్కమ్మ తొంగి చూసింది.

“అయ్యో, ఇటు చూడండర్రా! పొట్టలో పరిగె ఒక్కటీ లేదు. అన్నీ వాలుగ పిల్లలే! ఇన్నాళ్లూ వీటిని తినిపెట్టింది వీడే. వీడు పోతే, పరిగెల్ని మింగే వీటినెవరు తింటారు?”

“అత్తా, వేట సంగతి నాకు నేర్పకు” అన్నాడు బుడుంగు మీసం దువ్వుకుంటూ. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం వాడు. పెద్ద వాలుగల్ని ఒక్కొక్కటే పట్టి తిన్నాడు. ఒక్క ముసలి ఆడ వాలుగ మాత్రం వాడికి చిక్కలేదు.

వానలు కురిశాయి. మిగిలిన నడిమి వాలుగలు గుడ్లు పెట్టి పిల్లల్ని చేశాయి. వాటిని తినే పెద్దవి ఆ ముసలిది తప్ప లేవు. ఎటు చూసినా అవే! పరిగె పిల్ల కనబడితే చాలు, గుటుక్కున మింగేసేవి.

“కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది” అన్నాడు కొంగ తాత.

అప్పుడే నీలి పిల్లలు గుడ్లలోంచి బయటికొచ్చాయి. నోళ్లు తెరిచి ఒకటే ఏడుపు. నీలి మడుగంతా గాలించింది. ఒక్క పరిగె దొరకలేదు. వాటిలో చిన్నది అరవడం కూడా మానేసింది.  నీలి ఏడుస్తూ చుక్కమ్మ దగ్గరికి వెళ్లింది.

“అత్తా, చంపమన్నది నేనే. నా పిల్లల నోళ్లు నేనే కొట్టాను!”

“ఏడిస్తే కడుపు నిండదే పిచ్చిదానా. మడుగునిండా వాలుగ పిల్లలున్నాయి. వేలెడంతే ఉన్నాయి. వాటినే పట్టు.”

“నా పిల్లలు తింటాయా?”

“ఆకలి రుచెరగదు. ముందు పెట్టి చూడు.”

నీలి బుడుక్కున మునిగి ఒకదాన్ని తెచ్చింది. పిల్లలు లొట్టలేసుకుంటూ తిన్నాయి! చిన్నది కూడా మళ్లీ నోరు తెరిచింది. ఆ రోజు నుంచి నీలి, చుక్కమ్మ, కొంగ తాత కలిసి వాలుగ పిల్లల్నే వేటాడారు.

బుడుంగు మాత్రం రానన్నాడు. “ఇంత వేటగాణ్ణి, పిల్ల చేపలు పట్టడమా? నా పరువేం కావాలి!” అని పస్తులున్నాడు.

ఎండలు మొదలై నీళ్లు తగ్గాయి. ఆ ముసలి వాలుగ ఒడ్డున ఒక గుంటలో చిక్కుకుపోయింది. బుడుంగు పరుగెత్తుకొచ్చాడు.

“దాన్ని ముట్టుకోకు!” అని నీలి కేకపెట్టింది. “మేం ఎన్నని పట్టగలం మామా? అది బతికుంటేనే వాలుగ పిల్లలు అదుపులో ఉంటాయి. మళ్లీ పరిగెలొస్తాయి.”

“తప్పుకో!” అని బుడుంగు దూకాడు. వాలుగ వాడి మూతిని టపీమని పట్టుకుంది. “కుయ్యో!” మంటూ వాడు విదిలించుకునేసరికి ఒకవైపు మీసం ఊడింది. ఈలోగా చుక్కమ్మ గోళ్లతో బురద తవ్వి, గుంట నుంచి మడుగుకు కాలవ తీసింది. వాలుగ సర్రున జారి లోతుల్లోకి వెళ్లిపోయింది.

వాచిన మూతితో బుడుంగు చాన్నాళ్లు నత్తలు ఏరుకు తిన్నాడు. మళ్లీ వానలొచ్చేసరికి మడుగులో పరిగెలు మెరిశాయి. అప్పటికే నీలి పిల్లలు తామే నీళ్లలోకి దూకడం నేర్చుకున్నాయి.

ఒకనాడు బుడుంగు తల వంచుకుని వచ్చాడు. “నీలమ్మా, పరిగెలు మళ్లీ తగ్గకూడదు. ఆ పిల్ల వాలుగల్ని ఎలా పట్టాలో నాకూ చెప్పవూ?”

నీలి తన చిన్న పిల్లను పిలిచింది. “బుడుంగు తాతయ్యకి నేర్పించమ్మా” అంది.

నీతి: పెద్దవాణ్ణి పడగొట్టే ముందు, వాడు ఎవరిని అదుపులో ఉంచుతున్నాడో తెలుసుకోవాలి.