హజ్రత్ చేసిన ఉచిత సేవ

గురువారం వస్తోందంటే దస్తగిరికి ముందురోజు నుంచే తలనొప్పి మొదలయ్యేది.

ఆదోని ఊరి చివర పత్తి గోదాములు దాటాక, కొండరాళ్ళ పక్కన ఒక చిన్న ఖాన్‌కా, అంటే సూఫీల ఆశ్రమం, ఉంది. అక్కడ హుసేన్ పీరా అనే పెద్ద సూఫీ గురువు ఉంటారు. ఊరివాళ్ళు ఆయన్ని తాత అంటారు. దస్తగిరి మూడేళ్ళుగా ఆయన శిష్యుడు. అతనికి మాత్రం ఆయన హజ్రత్.

గురువారం పొద్దున్నే జనం వచ్చేవాళ్ళు. మిల్లు కూలీలు, బేల్దారి మేస్త్రీలు, మార్కెట్ యార్డు దలారులు, హిందువులు, ముస్లిములు అందరూ. ఒక్కొక్కరే లోపలికెళ్ళి, హజ్రత్ చెవి దగ్గర నోరు పెట్టి తమ కష్టం చెప్పుకునేవాళ్ళు. హజ్రత్ వినేవారు. వీపు తట్టి, చిటికెడు చక్కెర చేతిలో పెట్టేవారు. చాలాసార్లు మాటైనా మాట్లాడేవారు కాదు. అయినా వాళ్ళు బయటికొచ్చేటప్పుడు నెత్తిమీద మూట దింపుకున్నట్టు వచ్చేవాళ్ళు.

దస్తగిరి బాధంతా వరసతోనే. "నేను ముందొచ్చినా" అంటే "నా చెప్పులు ముందొచ్చినాయి" అని పోట్లాట. ఒకసారి ఇద్దరు పెద్దమనుషులు జుట్లు పట్టుకున్నారు. మనశ్శాంతి కోసం వచ్చినవాళ్ళే ఇద్దరూ.

శిష్యుడు కాకముందు దస్తగిరి బస్టాండులో సెల్‌ఫోన్లు బాగుచేసేవాడు. అందుకని అతనికి దారి ఫోన్లోనే దొరికింది. ఏదో హైదరాబాదు కంపెనీ 'మనసులో మాట' అని యాప్ తెచ్చింది. గుళ్ళకీ, దర్గాలకీ, చర్చిలకీ పూర్తిగా ఉచితం. వచ్చినవాళ్ళ పేరు, ఊరు, ఫోన్ నంబరు, వచ్చిన కష్టం కొడితే చాలు, టోకెన్ వస్తుంది.

"కష్టం ఎందుకు కొట్టాల?" అని అడిగారు హజ్రత్.

"అది కొట్టకపోతే టోకెన్ రాదు హజ్రత్."

"ఓహో," అన్నారు హజ్రత్.

మూడు నెలల్లో నాలుగొందల మంది కష్టాలు అందులోకి ఎక్కాయి. పోట్లాటలు ఆగిపోయాయి. పక్క ఊరి దర్గా వాళ్ళు కూడా వచ్చి చూసి, దస్తగిరి భుజం తట్టి వెళ్ళారు. అతను మెడ కాస్త పైకెత్తి నడవడం నేర్చుకున్నాడు.

ఒక శనివారం ఉరుకుందమ్మ వచ్చింది. జిన్నింగు మిల్లులో పనిచేసే మనిషి. వాకిట్లోనే నిలబడింది.

"లోపలికి రా అక్కా, టోకెన్ ఇస్తా," అన్నాడు దస్తగిరి.

"టోకెన్ వద్దు నాయనా. ఒక మాట అడిగి పోతా. మా ఇంటాయన తాగుతాడని ఇరవై రెండేండ్లలో మా అమ్మకు గూడా చెప్పలా. తాతకు చెప్పినా. నువ్వు అడిగినావని నీకూ చెప్పినా. ఇంట్లో ఉండేది ఒకటే ఫోను, ఆ నంబరే ఇచ్చినా. మరుసటి దినమే ఆయనకు ఫోనొచ్చింది. 'సార్, మీ తాగుడు పదిహేను రోజుల్లో మాన్పిస్తాం' అని ఎవురో ఆడపిల్ల. నిన్న పదకొండు సార్లు మోగింది." ఆమె కొంగు సర్దుకుంది. "ఆయన నాతో మాట్లాడడం లేదు. అన్నం గూడా బయటే తింటాండాడు. ఇది ఎట్లయింది నాయనా?"

దస్తగిరి ఏదో చెప్పబోయాడు. ఆమె జవాబు కోసం ఆగలేదు. తాతను చూడకుండానే వెళ్ళిపోయింది.

అది అతనికి ముల్లులా గుచ్చుకుంది. అయినా సాయంత్రం చాయ్ దగ్గర యాప్‌ని వెనకేసుకొచ్చాడు.

"ఏదో ఒక పొరపాటు జరిగుంటుంది హజ్రత్. అయినా తప్పు చేయనోళ్ళకు దాచుకునేది ఏముంటుంది? నన్ను చూడండి. నలభై రోజుల చిల్లా దీక్షలో ఉన్నా. నూనె ముట్టను, కారం ముట్టను. నా గురించి ఎవరేం తెలుసుకున్నా నాకేం భయం? అన్నీ అల్లాకు తెలిసినవే కదా!"

"తెలుసు," అన్నారు హజ్రత్. చాయ్ ఊదుకున్నారు. "కానీ ఆయన ఎవరికీ ఫోన్ చేసి చెప్పడు."

దస్తగిరి నవ్వేశాడు. హజ్రత్ నవ్వలేదు.

మరునాడు పొద్దున దస్తగిరి బజారుకు బయల్దేరుతుంటే హజ్రత్ గొడుగు పట్టుకుని వాకిట్లో సిద్ధంగా ఉన్నారు.

"బేటా, నువ్వు నాకు మూడేండ్లు సేవ చేసినావు. ఇప్పుడు నేను నీకు చేస్తా. నీ సంచి మోస్తా. ఎండైతే గొడుగు పడతా. నువ్వు మర్చిపోయింది గుర్తుచేస్తా. నువ్వు నాకు ఏమీ ఇయ్యాల్సిన పనిలేదు."

"అయ్యయ్యో! మీరు నా సంచి మోసేదేంది హజ్రత్?"

"కాదనొద్దు. ఒక్క షరతు ఉంది, విను." హజ్రత్ కళ్ళు మూసుకుని, ఉర్దూ, ఫార్సీ కలిపి గబగబా ఏదో చెప్పడం మొదలుపెట్టారు. ఎంతకీ అయిపోలేదు. ఎండ పెరుగుతోంది. దస్తగిరి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ నిలబడ్డాడు. చివరికి హజ్రత్ కళ్ళు తెరిచి, "ఒప్పుకున్నట్టేనా?" అన్నారు.

"ఒప్పుకున్నా, ఒప్పుకున్నా. పదండి హజ్రత్."

మొదటిరోజు దస్తగిరి పెళ్ళికొడుకులా నడిచాడు. వెనక హజ్రత్ ఉన్నారని ప్రతి అడుగూ చూసి వేశాడు. ఎదురొచ్చిన ప్రతివాడికీ సలాం చెప్పాడు. అవసరం లేకపోయినా ఒక ముసలామెను రోడ్డు దాటించాడు. ఆమె మళ్ళీ దాటి వెనక్కి రావాల్సి వచ్చింది.

రెండోరోజుకు అప్పుడప్పుడే వెనక్కి చూశాడు. హజ్రత్ పది అడుగుల దూరంలో, చప్పుడు లేకుండా, సంచి పట్టుకుని వస్తున్నారు. ఏమీ అడగరు. ఏమీ అనరు. ఇట్లాంటి సేవకుడు ఉంటే ఎంత సుఖమో అనిపించింది.

మూడోరోజుకు ఆయన ఉన్నారన్న సంగతే మర్చిపోయాడు.

ఆ రోజు బస్టాండు పక్కన హనుమంతు బండి వెనక నిలబడి, బొరుగుల ఉగ్గానితో మూడు మిరపకాయ బజ్జీలు తిన్నాడు. పాన్‌షాపులో సోంపు నమిలాడు. చెప్పుల షాపు అద్దం ముందు ఆగి, మొన్న ధర అడిగి వదిలేసిన తోలు జతను చాలాసేపు చూశాడు. తర్వాత సందులోకి తిరిగి, జేబులోంచి బ్లేడు తీసి, ఎప్పట్లాగే తన కుర్తా గుండీ ఒకటి తెంపుకున్నాడు. దాన్ని పట్టుకుని టైలర్ జిలానీ షాపుకు వెళ్ళాడు. అక్కడ జిలానీ కూతురు ముబీనా మిషన్ దగ్గర కూర్చుని ఉంటుంది. ఆమె గుండీ కుట్టినంతసేపూ దస్తగిరి గోడమీది క్యాలెండరు చదివాడు. అది పోయిన ఏడాది క్యాలెండరు.

నాలుగోరోజు హజ్రత్ రాలేదు. "ఈ పొద్దు నాకు బజారులో పనుంది, నువ్వు తర్వాత రా," అని ఆయనే ముందు వెళ్ళిపోయారు.

దస్తగిరి పదకొండింటికి బస్టాండు చేరాడు. ఇంకా ఆమడ దూరంలో ఉండగానే హనుమంతు కేకేశాడు.

"దస్తగిరన్నా! రా రా! చిల్లాలో ఉండేవాళ్ళ కోసం నూనె పిండేసి పెట్టినా. మూడే గదా? ఆదివారమైతే ఐదు గదా!"

బండి చుట్టూ ఉన్న పదిమందీ తిరిగి చూశారు. దస్తగిరి తల వంచుకుని పక్కకు తిరిగాడు. పాన్‌షాపతను ఎదురొచ్చి సోంపు పొట్లం చేతిలో పెట్టాడు. "బజ్జీ వాసన పోవాలంటే ఇది కాదన్నా, లవంగం మంచిది. హజ్రత్ దగ్గరికి పోయేది నువ్వు గదా, జాగ్రత్త పడాల."

అక్కణ్ణించి తప్పించుకుంటే చెప్పుల షాపతను చెయ్యి పట్టి లోపలికి లాగాడు. ఆ తోలు జత అట్టపెట్టెలోంచి తీసి సిద్ధంగా ఉంది. ధర మాత్రం మొన్న చెప్పినదానికంటే యాభై ఎక్కువ.

"మొన్న తక్కువే చెప్పినావే!"

"మొన్న నీకు ఇది ఇంతగా కావాలని నాకు తెలీదు గదా!"

దస్తగిరి వీధిలోకొచ్చి పడ్డాడు. ఇంతసేపూ అతనికి వచ్చింది కోపం. ఇప్పుడు గుండీ గుర్తొచ్చింది.

ఇంకా ముబీనాతో ఒక్క మాటైనా మాట్లాడలేదు. మాట్లాడొచ్చో లేదో అతనికే తెలియదు. అది ఇప్పుడు ఎన్ని నోళ్ళలో నానుతోందో! జిలానీ షాపున్న వీధి వదిలేసి, కూరగాయల మార్కెట్టు చుట్టూ తిరిగి వెళ్దామనుకున్నాడు. మలుపులో జిలానీయే ఎదురయ్యాడు. చేతిలో బట్టలు కొలిచే టేపు.

"దస్తగిరీ, ఆగు. నీతో మాట ఉంది. షాపుకు రా."

ఆ యాభై అడుగులూ దస్తగిరి ఎట్లా నడిచాడో అతనికి తెలియదు. షాపులో జిలానీ బీరువా తెరిచాడు. మడతపెట్టిన తెల్లబట్ట ఒకటి తీశాడు.

"హజ్రత్ కుర్తా అయిపోయింది. తీసుకుపో. మాట ఏందంటే, ఆయన మెడ కొలత తగ్గింది. ఇంకాస్త తినమని చెప్పు."

"చెప్తా," అన్నాడు దస్తగిరి.

ముబీనా తల ఎత్తలేదు. దారం కొరికి, "ఈ పొద్దు గుండీ తెగలేదా?" అంది.

దస్తగిరి కుర్తా చంకన పెట్టుకుని ఖాన్‌కా దాకా పరుగెత్తాడు.

హజ్రత్ చాప మీద కూర్చుని ఉన్నారు. దస్తగిరి చెప్పులు కూడా విడవలేదు.

"ఎవరెవరికి చెప్పినారు హజ్రత్?"

"చాయ్ ఇచ్చినోళ్ళకు చెప్పినా. నాలుగు చాయ్‌లు, ఒక సమోసా."

"నా చిల్లా సమోసాకు అమ్మేసినారా!"

"సమోసా నీ చెప్పులకు. చిల్లాకు హనుమంతు ఉత్త చాయే ఇచ్చినాడు."

"నన్ను ఒక్కమాట అడగాల గదా హజ్రత్!"

"అడిగినా గదా బేటా. వాకిట్లో అంతసేపు చదివింది అదే. నువ్వు రెండుసార్లు ఒప్పుకుంటివి."

దస్తగిరి గోడకానుకుని కూర్చున్నాడు. నేల చూస్తూ, మెల్లగా అడిగాడు.

"మరి... ఆ గుండీల సంగతి?"

"ఏ గుండీలు?" అన్నారు హజ్రత్.

దస్తగిరి తల ఎత్తి చూశాడు. సందులో బ్లేడు తీసినప్పుడు పది అడుగుల వెనక ఉన్నది ఈ మనిషే. ఆ ముఖంలో నవ్వు లేదు, ఎగతాళి లేదు.

"అది తప్పు పనా?" అడిగారు హజ్రత్.

"కాదు హజ్రత్."

"మరి ఎందుకు అంత భయపడినావు?"

దస్తగిరి ఆలోచించాడు. "తప్పు కాదు. కానీ అది నాది," అన్నాడు. అన్నాక తన మాట తనకే వినిపించింది. ఉరుకుందమ్మ వాకిట్లో నిలబడి కొంగు సర్దుకోవడం కళ్ళముందు కదిలింది.

లేచి బయటికెళ్ళి, కంపెనీకి ఫోన్ చేశాడు. మూడుసార్లు పాట విన్నాక ఒక అమ్మాయి పలికింది. యాప్ తీసేయొచ్చంది. ఎక్కించిన కష్టాలు మాత్రం తమ భాగస్వాముల దగ్గర ఉంటాయంది. భాగస్వాములు ఎందరని అడిగితే, నూట పద్దెనిమిది అంది. ఆఖర్న, "మా సేవ మీకు నచ్చిందా సార్? ఐదుకు ఎన్ని ఇస్తారు?" అని అడిగింది.

యాప్ తీసేశాడు. కానీ తీసేసేముందు నాలుగొందల పేర్లూ కాగితం మీద రాసుకున్నాడు, పేరూ ఊరూ అంతే. సైకిలు తీసుకుని అందరికంటే ముందు ఉరుకుందమ్మ ఇంటికి వెళ్ళాడు.

ఆమె భర్త మారెప్ప గడపలో కూర్చుని ఉన్నాడు. పక్కన ఫోను మోగుతోంది. అతను దానివైపు చూడటం లేదు.

"తప్పు నాది అన్నా," అన్నాడు దస్తగిరి. "అక్క ఎవరికీ చెప్పలేదు. తాతకు చెప్పింది. నేను ఫోన్లో ఎక్కించినా."

లోపల్నుంచి ఉరుకుందమ్మ వచ్చింది.

"ఇంకెందరికి తెలుసు నాయనా?"

"నూట పద్దెనిమిది కంపెనీలకు అక్కా."

"మా వీధిలో గూడా అంతమంది లేరే!" అంది ఆమె. తర్వాత భర్త వైపు చూసింది. "వాళ్ళు ఇన్నిసార్లు చేసినా ఈయన తాగేది మానలా. ఫోను ఎత్తేది మానినాడు."

మారెప్ప ముఖం పక్కకు తిప్పుకున్నాడు. దస్తగిరి ఆ ఫోను తీసుకుని, గడపలోనే కూర్చుని, వచ్చిన నంబర్లన్నీ ఒకటొకటిగా ఆపేశాడు. కొత్తవి వస్తాయని అతనికి తెలుసు. ఆ మాట కూడా దాచకుండా చెప్పాడు. రేపు మళ్ళీ వస్తానన్నాడు. మరునాడు వెళ్ళాడు, ఆ మరునాడూ వెళ్ళాడు.

మిగతా ఇళ్ళకు తిరగడానికి రెండు నెలలు పట్టింది. కొందరు తిట్టారు. ఒకామె మజ్జిగ ఇచ్చి తిట్టింది. ఒకతను మాత్రం, తన బట్టతలకు నూనె అమ్ముతామని వస్తున్న ఫోన్లు ఆపొద్దనీ, అందులో ఒకటి బాగానే ఉందనీ అన్నాడు.

చలికాలంలో ఒక గురువారం హజ్రత్‌కు జ్వరం వచ్చింది. జనాన్ని వెనక్కి పంపించారు. సాయంత్రం దస్తగిరి వాకిలి ఊడుస్తుంటే ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. మారెప్ప.

"తాతకు బాగలేదంట గదా," అన్నాడు. వెళ్ళిపోలేదు. చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. "నీకు చెప్పొచ్చునా?"

దస్తగిరి చీపురు పక్కన పెట్టాడు. అరుగు మీద కూర్చుని చెవి అతని దగ్గరికి వంచాడు. మారెప్ప చాలాసేపు మాట్లాడాడు. దస్తగిరి ఏమీ అనలేదు. అతను లేచేటప్పుడు మాత్రం వీపు మీద చెయ్యి వేశాడు.

లోపల హజ్రత్ దుప్పటి కప్పుకుని గోడకానుకుని ఉన్నారు.

"ఎవరో వచ్చినట్టుందే. ఏమంట?"

దస్తగిరి నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు. మూలన ఉన్న గ్లాసు తీసుకొచ్చి ఆయనకు అందించాడు.

"కషాయం చల్లారిపోతాంది హజ్రత్," అన్నాడు.

హజ్రత్ గ్లాసు అందుకున్నారు. తాగలేదు. శిష్యుడు కూర్చోవడానికి చోటిస్తూ చాప మీద కొంచెం పక్కకు జరిగారు.